గోధుమ మానే ముందు ఒక రక్తపరీక్ష

(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక తండ్రి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మొరప్పూరులో చిన్న కిరాణా కొట్టు నడుపుకునేవాణ్ణి. చదువు గురించి చెప్పడానికి ఇక్కడ నాకంటే పెద్దలున్నారు. చదువుకు అడ్డుపడే ఒక జబ్బు గురించి, దాన్ని కనిపెట్టించడానికి మేము పడిన పాట్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఆ జబ్బు పేరు సీలియాక్ వ్యాధి.

మా అమ్మాయికి ఏడో ఏట నుంచి కడుపు ఉబ్బరం, విరేచనాలు, నోటిపూత. రెండో తరగతిలో కుట్టించిన పావడా నాలుగో తరగతిలోనూ సరిపోయింది. రక్తం తక్కువగా ఉందని టానిక్కు రాసేవారు. తాగినన్నాళ్ళూ కాస్త పెరిగేది, ఆపగానే మళ్ళీ తగ్గేది. నులిపురుగుల మందు ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. ధర్మపురిలోనూ సేలంలోనూ చూపించాం. నెలలో పది రోజులు బడి మానేది. చదువులో వెనకబడే పిల్ల కాదు, కానీ హాజరు పట్టీలో మాత్రం వెనకబడింది.

ఒక వేసవిలో ఊత్తంగరై పక్క పల్లెలో ఉన్న మా అత్తమ్మ దగ్గర మూడు వారాలు ఉంచాం. అక్కడ పూటపూటకూ రాగిసంగటి, సామలన్నం. కడుపునొప్పి తగ్గింది. ఇంటికొచ్చి మళ్ళీ చపాతీ, సేమియా, బన్ను మొదలుపెట్టగానే తిరగబెట్టింది. "దీనికి గోధుమ పడదు నాయనా, మానిపించెయ్" అని అత్తమ్మ అన్నది. ఆమె బడి ముఖం చూడని మనిషి.

గోధుమతో ఈ సంబంధాన్ని వైద్యలోకం గట్టిగా గుర్తించిందీ ఇలాంటి పోలికతోనే. హాలెండులో విల్లెం కారెల్ డికె అనే పిల్లల డాక్టరు ఈ అనుమానంతోనే ఉండేవారు. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ జబ్బు పడటం ఆయన అనుమానాన్ని బలపరిచింది. 1950లో దాన్నే పరిశోధన గ్రంథంగా సమర్పించారు.

గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో గ్లూటెన్ లోపలికి వెళ్ళగానే శరీరపు రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకు ముఖమల్ గుడ్డ నూగులాంటి సన్నని మొలకలుంటాయి. తిన్నదాని సారాన్ని పీల్చేవి అవే. అవి అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. అందుకే రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం. కొందరు పిల్లలకు విరేచనాలు ఉండవు. మలబద్ధకమో, పొట్టిగా ఉండిపోవడమో ఒక్కటే కనిపించవచ్చు.

మన వైపు దీన్ని త్వరగా ఎందుకు అనుమానించరంటే, ఇక్కడ అరుదు కాబట్టి. దేశంలో మూడు ప్రాంతాల పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో ఉత్తరాన నూరు మందికి ఒకరికి పైగా, దక్షిణాన వెయ్యికి ఒకరికి ఈ వ్యాధి కనబడింది. దీనికి దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా గోధుమ తిండిలో ఉంది. రోజుకు ఉత్తరాన సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్ళలో రాత్రిపూట చపాతీ, పిల్లల చేతిలో బిస్కట్టు, సాయంత్రం పరోటా మామూలైపోయాయి. కొట్టులో కూర్చునే నాకు ఆ సంగతి బాగా తెలుసు. అరుదు అంటే లేదని కాదు.

అత్తమ్మ మాట పట్టుకుని వేలూరు వెళ్ళాం. అంతా విన్న డాక్టరమ్మ, "పెద్దావిడ అనుమానం సరైనదే కావచ్చు. కానీ పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానిపించకండి" అన్నారు. గోధుమ ఆపితే రక్తంలోని గుర్తులు తగ్గిపోతాయి, పేగు మానుతుంది. అప్పుడు జబ్బు ఉన్నా పరీక్షలో లేదనే వస్తుంది. జీవితాంతం పాటించాల్సిన పథ్యానికి పక్కా ఆధారం ఉండాలి కదా!

రక్తపరీక్ష చేశారు. దాని పేరు టిటిజి ఐజిఎ. దానితోపాటు మొత్తం ఐజిఎ కూడా చూడాలి. అది పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో మొదటి పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. ఫలితం అనుమానాన్ని బలపరిచింది. ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూడటానికి మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ఆ మూడు వారాలూ రోజూ చపాతీ పెట్టాం. "నాయనా, ఇది తింటే కడుపు నొస్తుంది కదా, మరి ఎందుకు తినమంటావు?" అని పిల్ల అడిగేది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఏం చెప్పగలను? క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ కూర్చున్నాం. 2016లో జబ్బు నిర్ధారణ అయింది. రక్తంలో విలువ చాలా ఎక్కువగా ఉన్న కొందరు పిల్లలకు, రెండో రక్తపరీక్ష కూడా బలపరిస్తే, ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించవచ్చని 2020 నాటి యూరప్ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నిర్ణయం నిపుణులకే వదలాలి.

దీనికి మందు పథ్యమే. మన అదృష్టం కొద్దీ బియ్యం, రాగి, సామ, జొన్న, పప్పులు, ఇడ్లీ, దోసె అన్నీ తినవచ్చు. దొంగ దారిన వచ్చే గోధుమతోనే చిక్కు. ఇంగువ పొడిలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. సాంబారు, రసం, అప్పడం దాకా చూసుకోవాలి. మాల్టు పానీయాల్లో బార్లీ ఉంటుంది. పొట్లం మీద గ్లూటెన్ రహితమని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా నిబంధన. పూరీ వేయించిన నూనెలోనే వడియాలు వేయించినా ఇబ్బందే. తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా ఈ జబ్బు ఉండే అవకాశం ఎక్కువ కనుక మేమంతా పరీక్ష చేయించుకున్నాం.

ఏడాది తిరిగేసరికి టానిక్కు అవసరం పోయింది. పావడాలు పొట్టివయ్యాయి. బడి మానడం తగ్గింది. ఇప్పుడు మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది. హాస్టలు వంటమనిషితో మొదటి రోజే మాట్లాడి తన సాంబారు వేరుగా తీయించుకుంటుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఎదగకపోయినా, రక్తహీనత మళ్ళీ మళ్ళీ వచ్చినా, కడుపు బాధ నెలల తరబడి వదలకపోయినా "సీలియాక్ పరీక్ష అవసరమా డాక్టరుగారూ?" అని పేరు పెట్టి అడగండి. పరీక్షకు ముందు మీ అంతట మీరు గోధుమ మానిపించకండి.

ట్రస్టు పెద్దలకు కూడా ఒక విన్నపం. హాజరు తక్కువగా ఉన్న దరఖాస్తు కనిపిస్తే, పక్కన పెట్టే ముందు కారణం ఏమిటని ఆ ఇంటికి ఒక ఫోను చేయించండి. అవసరమైతే వైద్య పరీక్షకు కొంత సాయం చేసే ఏర్పాటు ఆలోచించండి. ఆ పిల్లలకు ఫీజు కంటే ముందు కావలసింది అదే కావచ్చు.