తుపాకీ లైసెన్సుకు వైద్య ధ్రువపత్రం: సంతకం పెట్టే ముందు మేం చూసేదేమిటి?

(సొసైటీ వార్షిక సమావేశంలో వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ వేదిక మీద మేం లెక్కలు చెబుతాం. ఎంతమందిని చూశాం, ఎన్ని కంటి ఆపరేషన్లు చేయించాం, మందులకు ఎంతయింది అని. ఆ లెక్క ఈ సంచికలో వేరే పేజీల్లో ఉంది, తీరిగ్గా చూడండి. ఈసారి కార్యవర్గం మమ్మల్ని వేరే విషయం మాట్లాడమంది. మన వైద్యశాలకు జబ్బుతో కాక కాగితం కోసం వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లలో తుపాకీ లైసెన్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగేవాళ్లు ఉన్నారు. కొందరికి ఇచ్చాం, కొందరికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో మీలో కొందరి సిఫారసుతో వచ్చినవాళ్లూ ఉన్నారు. "మన సొసైటీ, మన డబ్బు, మన మనిషి. ఒక్క సంతకానికి డాక్టర్లకు ఏం పోయింది?" అన్న మాట మా చెవిన పడింది. పెద్దలు అడిగినప్పుడు జవాబు చెప్పడం మా బాధ్యత.

ముందు చట్టం సంగతి రెండు మాటల్లో. మన దేశంలో ఆయుధం పెట్టుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదు. అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు మనకు అలాంటి హక్కు లేదని సుప్రీంకోర్టు 2023లో కూడా గుర్తుచేసింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. హైదరాబాద్ నగరంలో పోలీసు కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ స్థాయి అధికారి ఇస్తారు. 21 ఏళ్లు నిండాలి. మతి స్థిమితం లేనివారికీ, మరే కారణం చేతనైనా తగరని అధికారి భావించినవారికీ ఇవ్వరు. ఒక మంచి మాట కూడా ఆ చట్టంలో ఉంది: ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. పేదవాడు గన్‌మన్ ఉద్యోగానికి వెళ్లగలుగుతున్నాడంటే ఆ వాక్యం పుణ్యమే. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర మూడు తుపాకులకు బదులు రెండే ఉండాలి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

వైద్య ధ్రువపత్రం మాట 2016 నాటి ఆయుధాల నియమాల్లో ఉంది. దరఖాస్తుతోపాటు శారీరక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం బాగున్నాయని డాక్టర్ రాసివ్వాలి. మత్తు పదార్థాలకు, మాదక ద్రవ్యాలకు ఈ మనిషి బానిస కాడని ప్రత్యేకంగా పేర్కొనాలి. అంటే ఆ కాగితంలో మేం ఒకటి కాదు, మూడు సాక్ష్యాలు చెబుతున్నాం. కళ్లూ చేతులూ పనిచేస్తున్నాయని, మనసు నిలకడగా ఉందని, మత్తు అలవాటు లేదని.

ఇక మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరు? మూడు రకాల వాళ్లు. సైన్యం నుంచి రిటైరై బ్యాంకులోనో నగల దుకాణంలోనో గన్‌మన్‌గా చేరాలనుకునేవాళ్లు, అదే పని కోసం లైసెన్సు తెచ్చుకోవాలనుకునే కుర్రాళ్లు. తుపాకీ సొంతంగా ఉన్నవాడికి జీతం కాస్త ఎక్కువ దొరుకుతుంది. ఇది అతని ఇంటి పొయ్యికి సంబంధించిన విషయం. రెండో రకం, నగదుతో తిరిగే వ్యాపారులు, స్థలాల తగాదాల్లో బెదిరింపులు వచ్చినవాళ్లు. మూడో రకం గురించి ఎక్కువ చెప్పం. నడుముకు రివాల్వర్ ఉంటే మహల్లాలో గౌరవం పెరుగుతుందనుకునేవాళ్లు. పెళ్లి బారాత్‌లో గాల్లోకి కాల్చి వీడియో తీయించుకునే సరదా వీళ్లదే. ఆ సరదాకు 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది. పెళ్లిళ్ల పేరు చట్టంలోనే రాసి ఉంది.

పరీక్ష ఎలా చేస్తామో చెబుతాం. చాలామంది బీపీ చూసి, స్టెతస్కోప్ పెట్టి, ముద్ర వేస్తే అయిపోతుందనుకుంటారు.

కళ్ల నుంచి మొదలుపెడతాం. ఆరు మీటర్ల దూరంలో చార్టు, ఒక్కో కన్నూ విడిగా, అద్దాలతో, అద్దాలు లేకుండా. పక్కల నుంచి వచ్చే మనిషి కనబడుతున్నాడో లేదో చూస్తాం. గ్లకోమా ఉన్నవాళ్లకు ఎదుట బాగానే కనిపిస్తుంది, పక్క చూపు తగ్గిపోతుంది, వాళ్లకే తెలియదు. రాత్రి కాపలా పనికి వెళ్లేవాడికి శుక్లం ఉంటే ఎదురుగా బండి లైటు పడగానే ఏమీ కనబడదు. ఇద్దరు గన్‌మన్ అభ్యర్థులను సర్టిఫికెట్ ఆపి కంటి ఆపరేషన్‌కు పంపాం. తర్వాత చూపు సరిపోయింది, సంతకం చేశాం. ఆ ఆపరేషన్ల ఖర్చు మీ డబ్బే.

చెవులు చూస్తాం. "ఆగు, మనవాడే" అని అరిస్తే వినబడాలి కదా! ఆ తర్వాత చేతులు. పాత షుగరు ఉన్నవాళ్లలో వేళ్ల తిమ్మిరి, భుజం బిగుసుకుపోవడం మామూలు. తిమ్మిరి వేలికి ట్రిగ్గర్ మీద తను ఎంత బలంగా నొక్కుతున్నదీ తెలియదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లను షుగరు హఠాత్తుగా పడిపోతుందా అని అడుగుతాం. ఆ కొద్ది నిమిషాలు మనిషి తాగినవాడిలా ఉంటాడు, చెప్పింది వినడు, చిరాకుపడతాడు. మూర్ఛ ఉందా, ఎప్పుడు చివరగా వచ్చింది, మందు వేళకు వేసుకుంటున్నారా అని అడుగుతాం. నిద్ర గురించి అడుగుతాం. పన్నెండు గంటల డ్యూటీ మీద ఇంకో పన్నెండు గంటలు చేసి కుర్చీలో తూగే గన్‌మన్లు మనందరికీ తెలుసు.

మత్తు గురించి అడిగేటప్పుడు మన వైద్యశాలలో ఒక చిక్కు ఉంది. తాగుతారా అని అడిగితే అందరి జవాబూ ఒక్కటే: "తౌబా, డాక్టర్ సాబ్!" హరాం కాబట్టి ఎవరూ తాగరని రాసేసుకుంటే అది వైద్యం కాదు. అందుకే బంధువులను బయట కూర్చోబెట్టి ఒంటరిగా అడుగుతాం. అవసరమైతే కాలేయ పరీక్ష రాస్తాం. తాగుడు కంటే మాకు ఎక్కువగా కనబడేది మాత్రలు. నిద్ర పట్టడం లేదని ఎప్పుడో ఎవరో రాసిన అల్ప్రాజోలం మాత్రను పదేళ్లుగా మందుల షాపులో కొని వేసుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని వాళ్లు మత్తు అనుకోరు. "నీంద్ కీ గోలీ, అంతే" అంటారు. తెలంగాణలో ఆ మందునే కల్తీ కల్లులో కలిపేవాళ్లు. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. కల్లు దొరక్క వచ్చిన వణుకు అది. మాత్ర మానేసిన మూడో రోజున మా దగ్గర కూర్చున్న మనిషి చేతులూ అలాగే వణుకుతాయి. అలాంటివారికి వెంటనే సంతకం పెట్టం, వెంటనే కాదనమూ అనం. మాత్ర మెల్లగా తగ్గించి, కొన్ని నెలల తర్వాత మళ్లీ రమ్మంటాం.

ఇక మనసు. సోదరులారా, అసలు ఈ ప్రసంగం దీనికోసమే.

తుపాకీ అనగానే మనకు దొంగ, శత్రువు గుర్తొస్తారు. వైద్యులుగా మాకు ముందు గుర్తొచ్చేది ఆ తుపాకీ ఉన్న ఇల్లు. తుపాకులు విచ్చలవిడిగా ఉన్న అమెరికాలో కూడా తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మాత్రలు మింగినవాళ్లలో ఎక్కువమందిని కాపాడుకోగలుగుతున్నాం. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది దాకా బతకరు. చావాలన్న తలంపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో చేతికి ఏది అందుతుందన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. ఆత్మహత్య హరాం అని తెలిసిన మనిషికి కూడా ఆ గంట రావచ్చు. దీన్ని ఈమాన్ లోపం అని కొట్టిపారేసే పెద్దలతో మేం ఏకీభవించం.

అందుకే మనసు గురించిన ప్రశ్నలకు ఎక్కువ సమయం తీసుకుంటాం. ఈమధ్య ఇంట్లో చావు, విడాకులు, అప్పు, ఉద్యోగం పోవడం ఏమైనా జరిగిందా? కోపంలో చేయి చేసుకున్నారా? బతకడం ఎందుకనిపించిందా? ఒక కుర్రాడు, పేరూ ఊరూ చెప్పం, గన్‌మన్ పని ఖాయమై వచ్చాడు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న సంగతి అతని వాళ్లు దాచమన్నారు, అతనే చెప్పాడు. ఆ రోజు మేం సంతకం పెట్టలేదు. కానీ అతనికి చెప్పాల్సింది చెప్పాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బు ఉందని తేలడం, మతి స్థిమితం లేదని తేలడం ఒకటి కాదు. ఆ రెండోది కోర్టు చెప్పాలి. మందులు వేసుకుంటున్నందుకు జీవితాంతం ఏ పనికీ పనికిరావని ఎవరూ అనలేరు. ఆర్నెల్లు మానసిక వైద్యుల దగ్గర చూపించుకున్నాక వాళ్ల అభిప్రాయం తెచ్చుకోమన్నాం. ఈలోగా తుపాకీ అక్కర్లేని కాపలా పని ఒకటి మన కార్యవర్గ సభ్యులొకరు చూపించారు. కాదన్నప్పుడు మేం చూపే దారి ఇలాంటిదే. చూపించుకుంటే లైసెన్సు పోతుందని భయపడి జబ్బు దాచుకునే మనిషి చేతిలో తుపాకీ ఉండటం కంటే ప్రమాదం ఏముంది?

సిఫారసు చేసిన పెద్దమనిషి ఫోన్ చేసి "ఎందుకు ఇవ్వలేదు?" అంటే మేం చెప్పం. చెప్పమని బలవంతపెట్టకండి. అదే చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. లైసెన్సు అధికారికి కూడా ఆ ఫారం అడిగినంతే రాస్తాం.

"మా దగ్గర కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది" అని కొందరంటారు. దొరకవచ్చు. చూడకుండా సంతకం పెట్టే చోట్లు ఉన్నాయని మాకూ తెలుసు. కానీ 2002 నాటి వైద్య నీతి నియమాల ప్రకారం అబద్ధపు ధ్రువపత్రం ఇచ్చిన డాక్టర్ పేరును రిజిస్టర్ నుంచి తీసేయవచ్చు. మేం ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కూ రిజిస్టర్ ఉంది. వచ్చినవారి సంతకం లేదా వేలిముద్ర, చిరునామా, పుట్టుమచ్చ, కాపీ అన్నీ అందులో ఉంటాయి. ఇది చట్టం వైపు నుంచి. దీన్ వైపు నుంచి చూస్తే, అబద్ధపు సాక్ష్యం ఎంత పెద్ద పాపమో ఈ సభలో చెప్పక్కర్లేదు. మసీదులోకి, బజారులోకి బాణాలు తెచ్చేవాళ్లు వాటి మొనలు పట్టుకుని నడవాలని, ఎవరికీ గుచ్చుకోకూడదని ప్రవక్త (స) ఆదేశించినట్టు హదీసుల్లో ఉంది. బాణం మొన గురించే అంత జాగ్రత్త ఉంటే తూటా సంగతి వేరే చెప్పాలా!

ఇక్కడ ఒక డబ్బు సంగతి కూడా ఉంది. మీరిచ్చే జకాత్ వేరే ఖాతాలో ఉంటుంది, అది అర్హులకే ఖర్చవుతుంది. స్థోమత ఉన్న వ్యాపారి రివాల్వర్ కోసం చేయించుకునే రక్తపరీక్షకు ఆ పైసా వాడం. వాళ్లు ల్యాబ్ ఖర్చు తామే కట్టుకుంటారు. పేద గన్‌మన్ అభ్యర్థుల పరీక్షలకు సాధారణ సదఖా నిధి నుంచి ఇస్తున్నాం. ఈ నిధి చిన్నది. దానికి మీ సాయం అడుగుతున్నాం. చిన్న గది ఒకటి కూడా కావాలి. మనసు విప్పి మాట్లాడాలంటే మందుల కౌంటర్ పక్కన బల్ల మీద కూర్చోబెడితే కుదరదు.

చివరగా, పాత తుపాకుల గురించి ఒక్క మాట. హైదరాబాద్‌లో తాతల నాటి తుపాకీ, లైసెన్సుతో సహా, బీరువాలో ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అబ్బాజాన్‌కు ఇప్పుడు మతిమరుపు, మనవళ్లు ఇంటి నిండా. అలాంటి ఇంట్లో మొహమాటం వద్దు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే, లేదా 25 ఏళ్లుగా ఆయుధం ఉంటే, అర్హుడైన వారసుడికి మార్చమని కోరవచ్చు. వారసుడికీ ఇవే పరీక్షలు ఉంటాయి. ఎవరికీ అక్కర్లేదనుకుంటే ఎన్నికలప్పుడు అప్పగించినట్టే పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గరో అప్పగించే పద్ధతి అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఎవరైనా చనిపోతానంటున్నా, వింతగా ప్రవర్తిస్తున్నా తాళంచెవి ముందు మీ దగ్గర పెట్టుకోండి, తర్వాత 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు మామూలు ఓపీ అయ్యాక రండి. ఎవరి సర్టిఫికెట్ చెల్లుతుందో లైసెన్సు కార్యాలయంలో ముందే అడిగి రండి, ప్రభుత్వ ఆస్పత్రిదే కావాలంటే మా దగ్గర సమయం వృథా చేసుకోవద్దు. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు, ఇప్పుడు వాడే మాత్రల అట్టలు తెచ్చుకోండి. కనీసం రెండుసార్లు రావాల్సి ఉంటుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు వాటిని ఇంట్లో మరచిపోయి రాకండి, చాలామంది అదే చేస్తున్నారు.