దవడ స్కాన్‌లో రేడియేషన్ తగ్గించే ఏఐ: బొమ్మ క్లియర్‌గా ఉంటే చాలా?

ఒక్కసారి రెండు చెవుల ముందు వేళ్ళు పెట్టి, నోరు తెరిచి మూయండి. లోపల ఏదో కదులుతోంది కదా? అది కింది దవడ ఎముక పైకొన. డాక్టర్లు కాండైల్ అంటారు. కొంతమందికి టీనేజ్‌లోనో, ఇరవైల్లోనో ఒక పక్క కాండైల్ మాత్రమే అతిగా పెరుగుతుంది. గడ్డం పక్కకి జరుగుతుంది, పళ్ళు సరిగ్గా కలవవు, ముఖం వంకరగా కనిపిస్తుంది.

దీన్ని ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. కానీ ముందు ఒకటి తేలాలి. ఆ పెరుగుదల ఆగిపోయిందా, ఇంకా నడుస్తోందా? నడుస్తుండగా సరిచేస్తే ముఖం మళ్ళీ వంకర తిరగొచ్చు. మామూలు ఎక్స్‌రే ఎముక ఆకారం చూపిస్తుంది గానీ, ఇప్పుడు అది పెరుగుతోందో లేదో చెప్పదు.

అక్కడే న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్ పనికొస్తుంది. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని, ఎముకకి అతుక్కునే మందుతో కలిపి నరానికి ఇంజెక్షన్ ఇస్తారు. 2, 3 గంటలు ఆగుతారు. కొత్త ఎముక ఎక్కడ జోరుగా తయారవుతోందో అక్కడ మందు ఎక్కువ చేరుతుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాల్ని, తల చుట్టూ తిరిగే కెమెరా పట్టుకుని త్రీడీ బొమ్మ ఇస్తుంది. ఇదే స్పెక్ట్. రెండు వైపుల్నీ పోలుస్తారు. తేడా 55:45 దాటితే పెరుగుదల నడుస్తోందని అనుమానిస్తారు.

మరి రేడియేషన్ ఎంత? పెద్దవాళ్ళ బోన్ స్కాన్‌కి సుమారు 4 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచే మనకి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 వస్తుంది. కాబట్టి హడలిపోవాల్సింది కాదు. కానీ ఇక్కడ పేషెంట్లు చిన్నవాళ్ళు, స్కాన్ మళ్ళీ తీయాల్సి రావొచ్చు. తగ్గించగలిగితే మంచిదే కదా?

అయితే మందు తగ్గిస్తే చాలు కదా అంటారా? అక్కడే చిక్కు. కెమెరాకి 10,000 కిరణాలు దొరికితే లెక్కలో అటూ ఇటూ 100 తేడా, అంటే 1 శాతం. 2,500 మాత్రమే దొరికితే తేడా 50, అంటే 2 శాతం. మందు నాలుగో వంతు అయితే గందరగోళం రెట్టింపు. చీకట్లో తీసిన ఫోన్ ఫోటోలాగా బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది.

ఇక్కడికి ఏఐ వస్తుంది. పూర్తి డోసుతో ఇప్పటికే తీసిన స్కాన్ డేటాలోంచి కొంత భాగమే వాడి, తక్కువ డోసు బొమ్మ తయారు చేస్తారు. ఇందుకోసం ఎవరికీ అదనంగా ఇంజెక్షన్ అక్కర్లేదు. చుక్కల బొమ్మ, మంచి బొమ్మ, ఇలా జతలు జతలుగా చూపించి, మొదటిదాన్నుంచి రెండోదాన్ని ఊహించడం నేర్పిస్తారు. అదే పద్ధతితో డోసు బదులు స్కాన్ టైమ్ కూడా తగ్గించొచ్చు.

ఊహించడం అన్నాను, గమనించారా? ఫోటో ఎన్‌హాన్స్ యాప్‌లో మసక ముఖం పెడితే, లేని కనురెప్పలు కూడా గీసి ఇస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ ఆ మనిషివి కావు! కాండైల్ చాలా చిన్నది. ఏఐ అక్కడ కాస్త ఎక్కువ నునుపు చేసి, 57:43 రావాల్సింది 54:46 చేసిందనుకోండి. బొమ్మ భలే ఉంటుంది, ఆపరేషన్ నిర్ణయం మాత్రం తారుమారవుతుంది.

అందుకే ఇలాంటి ఏఐని బొమ్మ అందం చూసి మెచ్చుకోకూడదు. పూర్తి డోసులో వచ్చిన కుడి ఎడమల నిష్పత్తే తక్కువ డోసులోనూ వస్తోందా? వేరే కెమెరాలో, వేరే ఆసుపత్రిలో, ట్రైనింగ్‌లో చూడని పేషెంట్లలో కూడా వస్తోందా? పరీక్ష అదీ.

మీకో, మీవాళ్ళకో ఈ స్కాన్ రాస్తే డాక్టర్‌ని మూడు అడగండి. దీంతో ట్రీట్‌మెంట్ నిర్ణయం మారుతుందా? పాత స్కాన్ ఉంటే పోల్చి చూస్తారా? వయసుకీ బరువుకీ తగ్గట్టే డోసు ఇస్తున్నారా? గర్భం ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పండి. ఇంజెక్షన్ తర్వాత నీళ్ళు బాగా తాగి, తరచూ యూరిన్‌కి వెళ్ళండి. శరీరానికి తగిలే డోసు దాంతో కూడా తగ్గుతుంది, ఏ ఏఐ అక్కర్లేకుండానే!