చేపల తొట్టి కింద నేల

మన నెల్లూరు జిల్లాలో చేపల గుంటలు కొత్త కాదు. మనుబోలులో నడింట్లో గాజుతొట్టి పెట్టాలంటే మాత్రం ముందు బరువు లెక్క చూసుకోవాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టిలో సుమారు 340 లీటర్లు పడతాయి. అంటే 340 కిలోల నీళ్లు. గాజు, ఇసుక, స్టాండు కలిస్తే 450 దాటొచ్చు. ఇళ్ల శ్లాబుకు మన దేశ ప్రమాణం లెక్కగట్టే వాడుక బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలే! అందుకే మేడమీద గది మధ్యలో పెట్టకండి. కింద బీమో గోడో ఉన్నచోట, గోడవారగా పెట్టండి. పెచ్చులూడి చువ్వలు కనబడే శ్లాబు మీద అసలు వద్దు.

కిందింట్లో అయితే కడప బండ మీద వేలి కణుపుతో కొట్టి వినండి. డొల్లగా మోగిందా, కింద మట్టి దిగిపోయినట్టే. బండ లేపి, ఇసుక నింపి, నీళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి, కాంక్రీటు వేయించండి.

పాత మిద్దె ఇళ్లలో అసలు గుట్టు దూలం కొనల్లో ఉంటుంది. గోడలోకి దూరినచోట స్క్రూడ్రైవరుతో గుచ్చితే పొడి రాలిందా, కొయ్య పుచ్చినట్టే. దూలం మార్చందే పైన తొట్టి మాటెత్తొద్దు. గట్టిగా ఉన్నా మేస్త్రీని కాదు, ఇంజినీరును అడగండి.

మొదట సగమే నింపి ఒకరోజు ఆగండి. నీటిగీత ఒకవైపు ఒరిగితే తొట్టి ఖాళీ చేసేయండి.