బంతి నందించు విద్య

ఫుట్‌బాలు ఆటలో మిక్కిలి సులభముగా కన్పట్టి మిక్కిలి కష్టముగా సాధ్యమగు పని బంతిని తోడివాని కందించుట. దీనినే ఆటగాండ్రు పాసు అందురు. మన కళాశాలల జట్లలో వేగముగా పరుగెత్తువారు కలరు. బంతిని బలముగా తన్నువారు కలరు. ఒంటరిగా ఇరువురను మువ్వురను తప్పించుకొని పోగలవారును కలరు. అయినను పదునొకండుగురు కలిసి ఆడవలసి వచ్చునప్పటికి మూడవ పాసో నాల్గవ పాసో ఎదిరివారి పాలగును. చూచువారు కుఱ్ఱవాండ్రకు శ్రద్ధ లేదని తీర్పు చెప్పి వెడలిపోవుదురు. ఈ తీర్పు న్యాయమైనది కాదని నా అభిప్రాయము. లోప మెక్కడ నున్నదో, అది యెట్లు తీరునో మనవి చేయుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఒక చిన్న లెక్క. పది పాసులలో ఎనిమిది సరిగా చేర్చు జట్టును చెడ్డ జట్టని యెవ్వరును అనరు. కాని గోలు దాపునకు చేరుటకు వరుసగా ఐదు పాసులు కావలసియున్నచో, ఆ జట్టు నూరు ప్రయత్నములలో సుమారు 33 మాత్రమే తుదముట్టించును. పదింట తొమ్మిది చేర్చు జట్టు 59 తుదముట్టించును. పదింట ఒక్క పాసు మెఱుగుపడినంతనే ఫలము ఇంచుమించు రెట్టింపగుచున్నది. కావున జట్టు దిగజారుటకు గొప్ప తప్పులు అక్కఱలేదు. బాగుపడుటకు అద్భుతములును అక్కఱలేదు.

ఇక ఆ చిన్న తప్పు లేవి? విద్యానగరమునకును తార్నాకకును నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము పఱచుకొనియున్నది. ఈ ప్రాంతమున సాయంకాలములందు ఆడు యువకులను నేను చాలకాలముగా చూచుచున్నాను. నాకు తోచిన కారణములు నాలుగు.

మొదటిది, బంతిని పుచ్చుకొనుట. పాసు చెడినదని మనము పంపినవానిని నిందింతుము. పెక్కుసారులు చెడగొట్టినవాడు పుచ్చుకొన్నవాడే. మన దక్కను నేల గట్టిది. బంతి దానిపై ఎగిరెగిరి వచ్చును. కాలు బిగించి ఎదురు పెట్టినచో అది రెండు గజములు దూరము చిమ్ముకొనిపోవును. ఆ రెండు గజములే ప్రత్యర్థికి చాలును. కాలిని కొంచెము వెనుకకు తీసికొనుచు, అతిథిని లోనికి తోడ్కొని వచ్చినట్లు బంతిని పుచ్చుకొనవలెను.

రెండవది, చూపు. బంతి కాలి కందిన పిమ్మట తలయెత్తి ఎవరికి పంపుదునా యని వెదకువాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు. బంతి వచ్చుటకు ముందే కుడియెడమలు చూచి నిశ్చయించుకొన్నవాడు తొందరపడ నక్కఱలేదు.

మూడవది, బంతి లేనివారి నడవడి. ఒకని వద్ద బంతి యున్నప్పుడు తక్కిన పదుగురును ప్రేక్షకులగుదురు. లేదా ప్రత్యర్థి వెనుక నిలిచి, "నాకిమ్ము, నాకిమ్ము" అని కేకలు వేయుదురు. ప్రత్యర్థి చాటున నున్నవానికి బంతి యెట్లు చేరును? ఒక ప్రక్కకు నాలుగడుగులు జరిగినచో త్రోవ తెఱచుకొనును. బంతి కలవానికి ఎల్లప్పుడును ఇరువురు కనబడవలెను. ఆ మువ్వురును కలిసి త్రికోణము కావలెను. ముగ్గురు ఒక్క గీతపై నిలిచినచో ఒక్క ప్రత్యర్థి వారి నందఱను అడ్డగింపగలడు.

నాల్గవది, మెప్పు. ఒంటరిగా ఇరువురను దాటిపోయినవానికి చప్పట్లు మ్రోగును. సకాలమున బంతి నిచ్చి ప్రక్కకు తొలగినవానిని ఎవ్వరును గమనింపరు. కుఱ్ఱవాడు దేనికి చప్పట్లు వచ్చునో దానినే నేర్చుకొనును. ఈ తప్పులో చూచువారమగు మనకును పాలు కలదు.

ఈ తగవు నేటిది కాదు. 1872లో గ్లాస్గో నగరమున ఇంగ్లండు, స్కాట్లండు దేశముల నడుమ మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ జరిగెను. ఆంగ్లేయులు బరువైన దేహములు కలవారు; బంతిని ఒంటరిగా నడుపుకొనిపోవుట వారి పద్ధతి. స్కాట్లండువారు తేలికవారగుటచే ఒకరి కొకరు అందించుకొనుచు ఆడిరి. ఏ పక్షమునకును గోలు రాలేదు. బలము తక్కువైనవారు బలవంతులను నిలువరించుటకు పాసు సాధనమైనది. మన యువకులకు ఈ కథలో గొప్ప ధైర్యము కలదు.

అంతకంటె దగ్గఱి నిదర్శనము మన నగరముననే కలదు. సయ్యద్ అబ్దుల్ రహీముగారు 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయవృత్తి నవలంబించినవారు. 1963లో మరణించు వఱకు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షణ నిచ్చిరి. ఆ జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. 2024లో వచ్చిన చలనచిత్రము వలన ఆయన పేరు దేశమునకు మరల తెలిసినది. కాని ఆయన పద్ధతి తెలిసికొనుట పేరు తెలిసికొనుటకంటె ముఖ్యము.

రహీముగారు మందలించుటతో తృప్తిపడక ఆట నియమములనే మార్చి నేర్పిరి. బంతిని ఒంటరిగా నడుపరాదను నియమముతో కొన్ని పోటీలు నడపిరి. బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతో మఱికొన్ని నడపిరి. ఇందలి యుక్తి గమనింపుడు. "పాసు ఇమ్ము" అని వేయిసారులు చెప్పినను విననివాడు, పాసు తప్ప వేఱు దారి లేనిచోట రెండు వారములలో నేర్చుకొనును.

ఓటమి ఆయనకును తప్పలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలందు మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడిపోయెను. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఆ పరాభవము పిమ్మట పాదరక్షలు విధిగా ధరించు నియమము వచ్చెను; ఆట తీరును మార్చుకొనిరి. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్నున ఆ జట్టే ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాల్గవ స్థానము పొందెను. తులసీదాసు బలరాము, నూరు మహమ్మదు, అజీజుద్దీను మొదలగు మన జంటనగరములవారు అందులో నుండిరి. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణపతకమును తెచ్చిరి. ఆ పిమ్మట ఆ పతకము మరల మనకు రాలేదు.

కళాశాల జట్లు ఏమి చేయవచ్చును? ధనము అక్కఱలేని మూడు పనులు చెప్పెదను. ఒక గోడ చాలును: ప్రతిదినము ఒక్కొక్క కాలితో నూఱేసి మాఱులు బంతిని గోడకు తన్ని, మరల వచ్చుదానిని మెత్తగా పుచ్చుకొనవలెను. నలుగురు వలయముగా నిలిచి, నడుమ ఒకని నుంచి, వానికి చిక్కకుండ బంతిని త్రిప్పవలెను. సాధనపు ఆటలలో బంతిని రెండుసారులకు మించి తాకరాదను కట్టడి పెట్టవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ కట్టడి పెట్టిన మొదటి మాసమున ఆట మెఱుగుపడుటకు మాఱు చెడును. అలవాటైన ఒంటరి పరుగు పోవును. క్రొత్త నేర్పు ఇంకను రాదు. రెండు పోటీలు ఓడిపోవుదురు. అప్పుడే పెద్దలు శిక్షకుని మార్పుమందురు, నాయకుడు పాత పద్ధతికి మరలును, పడిన శ్రమ అంతయు వ్యర్థమగును. పైగా ఏటేట చదువు ముగించి కొందఱు వెడలిపోవుచుండుటచే, కళాశాల జట్టు ఆయువే స్వల్పము. ఆ స్వల్పకాలములో సగము తత్తరపాటుతో పోగొట్టుకొనినచో మిగులునది లేదు. ఆ యొక్క మాసము ఓర్చుకొన్న జట్టే బాగుపడును. నేను చూచినంతలో పెక్కు జట్లకు కొఱవడినది ఆ మాసపు ఓర్పే.

కనుక శ్రోతలారా, మీరు మైదానము గట్టున నిలిచినప్పుడు ఒక చిన్న ఉపకారము చేయుడు. గోలు కొట్టినవానిని మెచ్చుకొనుడు. దానికి ముందు బంతి నిచ్చినవాని పేరును అడిగి తెలిసికొనుడు. వాడును ఆ చప్పట్లలో తన పాలు విన్ననాడు, తఱువాతి పాసు మఱింత శ్రద్ధగా పంపును.