శంక కలిగినవారి బాధ్యత
(చింతామణిలో ఇచ్చిన స్మారకోపన్యాసం)

ఒక బడిపంతులు పేరిట జరిగే సభ కాబట్టి పిల్లల సంగతే మాట్లాడతాను.

2024 జనవరిలో బాగేపల్లిలో తొమ్మిదో తరగతి పిల్ల, సాంఘిక సంక్షేమ శాఖ హాస్టల్ విద్యార్థిని, ప్రసవించింది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు నమోదైంది, వార్డెన్‌ను సస్పెండ్ చేశారు. ఎవరికెంత తెలుసో తేల్చడం న్యాయస్థానం పని, ఆ జోలికి నేను పోను. నన్ను కలచివేసేది అంతకు ముందరి నెలలు. ఇంట్లో, వీధిలో, బడి చుట్టుపక్కల అంతమంది పెద్దల్లో ఒక్కరికైనా శంక కలగలేదా?

2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని భయం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. జరిగిన నేరాన్ని చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాచితే ఏడాది దాకా.

అయితే ఈ శిక్ష ఎంతదూరం పోతుంది? 2018లో కేరళకు చెందిన టెస్సీ జోస్ కేసులో నేరాన్ని చెప్పలేదన్న ఆరోపణ నుంచి సుప్రీంకోర్టు డాక్టర్లను విడిచిపెట్టింది. చట్టం అడిగేది తెలిసిన సంగతి చెప్పమనే, ఆరా తీసి తెలుసుకోమని కాదు అంది. 2022లో మహారాష్ట్రలోని రాజురా హాస్టల్ కేసులో మాత్రం డాక్టర్‌పై హైకోర్టు కొట్టేసిన కేసును మళ్లీ నిలబెట్టింది. రెండు తీర్పులూ నాకు సమ్మతమే. తెలుసని రుజువు కాకుండా ఎవరినీ జైలుకు పంపకూడదు. కానీ కోర్టు విడిచిపెట్టినంత మాత్రాన, శంక కలిగీ తల తిప్పుకున్నవారి తప్పు మాసిపోదు.

"మనకేల, ఊర్లో మాట వస్తాది, ఆ పిల్లకు పెండ్లి కాదు" అంటారు మనవాళ్లు. ఆ భయం ఉత్తిది కాదు. నిందితుడు బంధువో, కూలి ఇచ్చే ఆసామో అయితే నోరు లేవదు. అందుకే సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదని అదే 19వ సెక్షన్ హామీ ఇస్తోంది. పిల్ల పేరు పత్రికలకు ఎక్కకూడదని 23వ సెక్షన్ కట్టడి చేసింది.

ఆంధ్ర సరిహద్దులోని మన తాలూకాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, స్టేషన్‌లో రాత కన్నడం. పిల్లకు అర్థంకాని భాషలో ఫిర్యాదు రాస్తుంటే దుబాసీని పెట్టాలని చట్టంలోనే ఉంది. కైవారం తాతయ్య తెలుగులో తత్వాలు చెప్పిన నేల ఇది. ఇక్కడి బిడ్డ తన బాధను తెలుగులో చెప్పుకోలేకపోతే సిగ్గుపడాల్సింది మనం. వెంట వెళ్లే టీచరు ఆ దుబాసీని గట్టిగా అడగాలి. నేరం సరిహద్దు అవతల హిందూపురంలో జరిగింది, అక్కడికే పొమ్మని పోలీసులు పంపేస్తే, ఎక్కడి నేరానికైనా ఏ స్టేషన్‌లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది.

కేసు భయంతో గర్భవతులైన మైనర్లు ఆసుపత్రికే రాకుండా పోతున్నారనే మాటను కొట్టిపారేయలేను. అందుకే గర్భస్రావానికి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, ఆమె పేరును డాక్టరు పోలీసులకు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి ప్రతి ఆశా కార్యకర్తకూ చేరాలి.

ఉపాధ్యాయులారా, శంక కలిగిన రోజే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. ఆధారాలు చేతికి వచ్చేదాకా ఆగకండి, వాటిని వెదకడం పోలీసుల పని.