జబ్బు ఒకరిది, కూర్చోవలసింది యింటిల్లిపాది



మేము డాక్టర్లం కాము, వుర్దూ బడిలో అలిఫ్, బే చెప్పుకునేవాళ్ళం. అయినా మనోవ్యాధుల గురించి మాట్లాడమని సెక్రటరీ గారు అడగ్గానే ఒప్పుకున్నాము. మా మీద ఒక బాకీ వుంది.

కొన్నేళ్ళ క్రితం ఐదవ తరగతిలో ఒక పిల్లవాడు రోజూ బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాడు. గద్దించాము, నిలబెట్టాము. తరువాత తెలిసింది, వాడు రాత్రంతా తల్లికి కాపలా కాస్తున్నాడని. తండ్రి కువైట్‌లో. ఆమె నిద్రపోదు, అన్నం ముట్టదు, అర్ధరాత్రి తలుపు తీసుకుని కాలవగట్టు వైపు నడిచిపోతుంది. జిన్ను పట్టిందన్నారు అత్తగారు. తావీజులు కట్టించారు, గురువారం గురువారం దర్గాకు తిప్పారు. గొలుసు వేయమని ఒక బంధువు సలహా కూడా యిచ్చాడట. (వూరు పేరు చెప్పం. ఆ యింటివారు చెప్పమన్నారు గనుకనే చెబుతున్నాము.)

గొలుసు మాట వింటే మాకు ఏర్వాడి గుర్తుకొస్తుంది. తమిళనాడులోని ఆ దర్గా వూళ్ళో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమం పాక తగలబడితే, గొలుసులతో కట్టివున్న రోగులు కదలలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. దువా మానమని మేము అనడం లేదు. డాక్టరు కూడా కావాలంటున్నాము. శరీరానికీ, మనసుకూ కలిపి ఒకే వైద్యగ్రంథం అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ళ క్రితమే రాసిపెట్టాడు కదా!

చివరకు ఆమెను డాక్టరుకు చూపించారు. ఆయన మందులు రాసి, వచ్చే వారం అందరూ రండి అన్నారు. "జబ్బు దానికైతే నేనెందుకు?" అని అత్తగారికి కోపం. అయినా వెళ్ళారు. కువైట్ నుంచి కొడుకు ఫోనులో కూర్చున్నాడు. అక్కడ తప్పెవరిదో తేల్చలేదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు అడ్డు రాకూడదు, అంతే. మూడోసారికి గాని ఆమె నోరు విప్పలేదు. డబ్బంతా అత్తగారి చేతికి వస్తుంది, పిల్లవాడి పుస్తకాలకూ చెయ్యి చాపాలి. ఆయన ఫోను చేస్తే అప్పు లెక్కలే గాని, ఎలా వున్నావని అడగడు. అడిగితే ఏడుస్తుందని ఆయన భయం. వీసా అప్పు తీరకముందే డబ్బు అయిపోతుందని అత్తగారి భయం. దీన్నే ఫ్యామిలీ థెరపీ అంటారు.

యిది మన దేశానికి కొత్తదేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆవరణలో డేరాలు వేయించి రోగుల బంధువులను కూడా వుంచుకున్నారు. భార్యాభర్తల తగవుకు ఆయన తరఫున ఒకరిని, ఆమె తరఫున ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని సూరా నిసా 35వ ఆయత్ చెబుతోంది. మన పంచాయతీల్లో ఆమె తరఫు మనిషి ఏడీ? ఆమె గుమ్మం బయటే నిలబడుతుంది.

రాజోలు, నరసాపురం వైపు గల్ఫ్ వెళ్ళని వీధి లేదు. ముదిరాక కాకినాడ పెద్దాసుపత్రికి పరుగెత్తేకంటే, ముందే నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు వుండాలి. 14416కి ఫోను చేస్తే రాత్రీపగలూ తెలుగులోనే, వుచితంగా మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి వున్న ప్రభుత్వ ఏర్పాటిది. ఆ నంబరు మసీదు గోడ మీద రాయించండి.

ఆ తల్లి మందులు వాడుతూనే వుంది. అత్తాకోడళ్ళ తగవులు పూర్తిగా పోలేదు. పిల్లవాడు మాత్రం క్లాసులో నిద్రపోవడం మానేశాడు.

నెలకొకసారి గల్ఫ్ యిళ్ళ ఆడవాళ్ళు కలిసి కూర్చునేందుకు సొసైటీవారు పూనుకుంటే, ఆదివారం మా బడిలో గది ఖాళీగానే వుంటుంది. తాళం మా దగ్గరే వుంది.