పెరటితోటకు పురుగుల బెడద



రామగుండము, గోదావరిఖని పరిసరములందు గని కార్మికుల క్వార్టర్ల వెనుకను, ఊళ్ళలో ఇండ్ల పెరళ్ళలోను ఒక చిక్కుడు పందిరియో, నాలుగు వంగమొక్కలో, గోడమీదికి ప్రాకిన బీరతీగయో కానవచ్చుచుండును. ఆ పచ్చదనము కంటికి చలువ, కంచమునకు కూర.

అయితే పత్తిచేనికి తెచ్చిన మందులో మిగిలినదానిని పెరటి చిక్కుడుపై చల్లుట అక్కడక్కడ ఉన్న అలవాటు. మూడవనాడే ఆ కాయలు కోసి పిల్లలకు వండి పెట్టుదురు. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని భారత ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. పురుగు చచ్చినదని సంతసించుటకు ముందు, ఆ విషము ఎవరి కంచములోనికి చేరుచున్నదో ఆలోచింపవలయును.

బొగ్గు ప్రాంతమున మొదటి మందు నీరే. ధూళి ఆకులపై పేరుకొన్నచోట ఎర్రనల్లి ప్రబలును; నల్లిని తిని బ్రతుకు మేలుపురుగులకు ఆ ధూళి ఆటంకము. కావున వారమునకు రెండు మారులు ఉదయమున ఆకుల అడుగుభాగము కడుగబడునట్లు నీళ్ళు చల్లినచో నల్లియు, పేనుబంకయు చాలవరకు రాలిపోవును.

పేనుబంకపై బూడిద చల్లుట పెద్దలనాటి పద్ధతి. కాని ఆ బూడిద కట్టెలది, పిడకలది. బొగ్గుపొయ్యి బూడిద అట్టిది కాదు. అందు సీసము, పాషాణము వంటివి ఉండవచ్చును. దానిని కూరమడులకు దూరముగా నుంచుటే క్షేమము.

పురుగులన్నియు పగవి కావు. అక్షింతల పురుగులలో రెండు తెగలు గలవు. నున్నగా మెరయు ఎర్రని వీపు గలది పేనుబంకను మేయును. మెరపు లేక, సన్నని నూగుతో, రాగివన్నెపై 28 చుక్కలు గలది వంగాకును జల్లెడవలె చేయును. మొదటిదానిని కాపాడవలయును; రెండవదానిని, ముండ్లు గల దాని పసుపుపచ్చని పిల్లపురుగులతో సహా ఏరి సబ్బునీటిలో వేయవలయును. 1888లో కాలిఫోర్నియా నారింజతోటలను పొలుసుపురుగు పాడుచేయుచుండగా, ఆస్ట్రేలియానుండి తెప్పించిన అక్షింతల పురుగులే వానిని కాపాడినవి. విషము చల్లినచో శత్రువుతోపాటు ఈ రక్షకులును నశించును.

వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేయవలయును. మరునాడు పిండి, వడగట్టి, కొంచెము కుంకుడురసము చేర్చవలయును. అందలి అజాడిరక్టిన్ అను సారము ఎండకు చెడును గనుక సాయంకాలమున చల్లవలయును. ఇది పురుగును తక్షణము చంపదు. మేత మాన్పించును, కుబుసము విడువనీయదు. కొన్ని దినములు ఓర్పు అవసరము.

వంగమొవ్వు వాడినచో దానిని జేనెడు క్రిందికి త్రుంచి కాల్చివేయవలయును. లోపలి పురుగు దానితోనే పోవును. మడిగట్టున బంతి, ఆముదము నాటుట మంచిది. శనగపచ్చ పురుగు తల్లి బంతిపైన, లద్దెపురుగు తల్లి ఆముదపుటాకులపైన గ్రుడ్లు పెట్టును. అక్కడ వానిని ఏరుట సులభము.

ఇవి పెరటికి మాత్రమే చెల్లు మాటలని కొందరనవచ్చును. సింగరేణి ప్రధాన కార్యాలయము గల కొత్తగూడెమునకు సమీపమున, పాల్వంచ మండలములో పునుకుల అను గ్రామము కలదు. పత్తిసాగులో పురుగుమందుల ఖర్చుకు అక్కడి రైతులు అప్పులపాలైరి. మందు అరువిచ్చిన వ్యాపారికే పంట అమ్మవలసి వచ్చెడిది. విషప్రభావమున కొందరు ఆసుపత్రులపాలైరి. 1999 ప్రాంతమున ‘సెక్యూర్’ అను స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొందరు రైతులు వేపకషాయము, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయము వంటివానిని చేపట్టిరి. క్రమముగా ఊరంతయు ఆ దారి పట్టినది. తుదకు పంచాయతీ తమది పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించినది. చేనికి సాధ్యమైనది పెరటికి సాధ్యము కాకపోదు.

ఈ విద్య క్రొత్తది కాదు. సురపాలుని వృక్షాయుర్వేదము సుమారు వేయేండ్ల నాటిది. వాయువిడంగములు, ఆవాలు మున్నగువాని ధూపముతో చెట్లకు చికిత్స అందు చెప్పబడినది. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉండగా, ప్రతిని తెప్పించి 1996లో ఆంగ్లానువాదముతో సికిందరాబాదున ప్రకటించిరి. గ్రంథాలయము భద్రపరచినందువలననే ఆ విద్య మరల మన చేతికి వచ్చినది.

ఈ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పాఠకుడును ఈ యేడు తన పెరటిలో ఒక్క మడినైనను విషము లేకుండ పెంచవలయును. ఏ పురుగు ఏ నెలలో వచ్చినది, ఏమి చేయగా తగ్గినది అను లెక్కను ఒక నోటుపుస్తకమున వ్రాసి ఇచ్చట ఉంచినచో, రాబోవు వారికి అదియు ఒక గ్రంథమగును.